కొలువు మారినప్పుడు వెంట రావలసినవి

హోసూరు, బాగలూరు, బేరికె, సూళగిరి, డెంకణికోట, తళి ప్రాంతాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేక తరాలుగా స్థిరపడి ఉన్నాయి. రాగిచేలు, అనపకాయలు, టమోటా, పూలతోటలు, పట్టుపురుగుల పెంపకం మన తాతతండ్రులు నమ్ముకొన్న వృత్తులు. 1970వ దశకంలో హోసూరులో పారిశ్రామికవాడ ఏర్పడింది. తరువాతి దశాబ్దంలో వాహనాల కర్మాగారాలు, గడియారాల కర్మాగారం వచ్చాయి. సరిహద్దుకు ఆవల అత్తిబెలె, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ వరకు పరిశ్రమలు వరుసగా వెలిశాయి. ఇప్పుడు మన పల్లెలలోని అనేక ఇళ్ళలో పొలానికి పోయే పెద్దలు, కర్మాగారానికి పోయే పిల్లలు ఒకే గడప దాటి వెళుతున్నారు.

పెద్దలకు ఈ పిల్లల జీవనంలో అంతుబట్టని విషయాలు రెండున్నాయి. మొదటిది, ఏడాదికో రెండేళ్ళకో ఉద్యోగం మారడం. రెండవది, ఒక్క సెలవుదినం దొరికితే ఇంటిపట్టున ఉండక కొండలకూ చెరువుకట్టలకూ సైకిళ్ళ మీద పోవడం. మొదటిదాన్ని నిలకడలేని తనమనీ, రెండవదాన్ని దుబారా అనీ అంటుంటారు. ఈ రెండూ నిజంగా ఏమిటో, వీటిలో జాగ్రత్తపడవలసిన చోటు ఎక్కడ ఉందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. ఉద్యోగం మారడం తప్పు కాదు. మారేటప్పుడు వెంట రావలసినవి వెనుకనే ఉండిపోతే అది నష్టం. ఆ నష్టం వెంటనే కనిపించదు. జబ్బు చేసినప్పుడో, కాన్పు దగ్గరపడినప్పుడో, ఇంటి యజమాని హఠాత్తుగా కన్నుమూసినప్పుడో, వార్ధక్యంలోనో బయటపడుతుంది.

ఒక కాపురం, రెండు షిఫ్టులు

మన ప్రాంతంలో పరిపాటిగా కనిపించే ఒక జంటను ఊహించుకొందాం. అతనికి ఇరవై ఆరేళ్ళు, ఐ.టి.ఐ. చదివాడు. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు, పన్నెండవ తరగతి తమిళ మాధ్యమంలో పూర్తి చేసింది. పెళ్ళయి రెండేళ్ళయింది. హోసూరు శివారులో చిన్న అద్దె ఇల్లు; అత్తమామలు ఇరవై కిలోమీటర్ల దూరంలో పల్లెలో ఉన్నారు. అతను సరిహద్దు దాటి బొమ్మసంద్రలోని ఒక యంత్రభాగాల కర్మాగారానికి పోతాడు. ఆమె ఇవతలే ఒక ఎలక్ట్రానిక్ విడిభాగాల కర్మాగారంలో పని చేస్తుంది.

కర్మాగారంలో రోజుకు మూడు షిఫ్టులు. ఉదయం ఆరు నుండి రెండు, రెండు నుండి రాత్రి పది, పది నుండి మరునాటి ఉదయం ఆరు. కంపెనీ బస్సు ఇంటిముందుకు రాదు. షిఫ్టుకు గంటన్నర ముందే బయలుదేరి బస్సు ఆగే చోటికి నడవాలి. ఒక వారం అతనికి రాత్రి పని, ఆమెకు పగటి పని. మరో వారం అటుది ఇటు. అతను వచ్చి తలుపు తట్టే వేళకు ఆమె జడ వేసుకొని డబ్బా సర్దుకొంటూ ఉంటుంది. కుళాయి నీళ్ళు పట్టడం, పాలు తేవడం, రాగిపిండి ఆడించడం వంటి పనులు ఎవరు మెలకువగా ఉంటే వారివి. ఇది మగపని, ఇది ఆడపని అన్న పంపకం ఇలాంటి ఇంట్లో సాగదు. పెద్దలు చూసి ముక్కున వేలు వేసుకొన్నా, షిఫ్టుల కాపురం ఆ సర్దుబాటు మీదనే నిలబడి ఉంది.

అతనికి ఇది మూడవ ఉద్యోగం. మొదట అప్రెంటిస్‌గా ఒక ఏడాది, తరువాత కాంట్రాక్టరు కింద రెండేళ్ళు, ఇప్పుడు ఇక్కడ. ఆమెకు ఇది రెండవది. అంతకుముందు దుస్తులు కుట్టే కర్మాగారంలో చేసింది. ఇప్పుడు మరొక చోట నెలకు రెండువేలు ఎక్కువ ఇస్తామంటున్నారు. పోవాలా, వద్దా?

ఎందుకు మారుతున్నారు?

దీనికి కారణం పిల్లల మనస్తత్వంలో కంటే పని స్వరూపంలోనే ఎక్కువగా ఉంది. అప్రెంటిస్ గడువు ముగిస్తే ఉద్యోగం దానంతటదే ముగుస్తుంది. కాంట్రాక్టు పని కాంట్రాక్టరుకు ఆర్డరు ఉన్నంతవరకే ఉంటుంది. ఒకే చోట ఉంటే ఏటా కొన్ని వందలు పెరిగే జీతం, చోటు మారితే ఒక్కసారిగా వేలలో పెరగవచ్చు. కనీస వేతనాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది గనుక, జూజువాడి దాటి పది కిలోమీటర్లు పోతే అదే పనికి వేరే కూలి ఉండవచ్చు. వీటికి తోడు బస్సు సౌకర్యం, రాత్రి షిఫ్టుల బెడద, పెళ్ళి తరువాత మారిన నివాసం ఉండనే ఉన్నాయి.

కూటికోసం కోటి విద్యలన్నారు. కనుక మారడాన్ని నిందించి ప్రయోజనం లేదు. అయితే చేతికి వచ్చే జీతాన్ని మాత్రమే పోల్చి చూసి మారేవారు, చేతికి రాకుండా తమ పేరిట జమ అయ్యేదాన్ని మరచిపోతున్నారు.

భవిష్యనిధి లెక్క

జీతపు చీటీలో పి.ఎఫ్. అని కోసే మొత్తమే ఉద్యోగుల భవిష్యనిధి. 1952 నాటి చట్టంతో ఇది మొదలైంది. మూలవేతనం, కరువుభత్యం కలిపిన మొత్తంలో ఉద్యోగి నుండి 12 శాతం కోస్తారు. యజమాని మరో 12 శాతం కలుపుతాడు. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను నిధికి, మిగిలినది భవిష్యనిధికి పోతుంది.

2014 సెప్టెంబరు నుండి సాగుతున్న 15,000 రూపాయల పరిమితి మీద లెక్క చూద్దాం. ఉద్యోగి వాటా 1,800 రూపాయలు. యజమాని వాటా కూడా 1,800. అందులో 1,250 పింఛనుకు, 550 భవిష్యనిధికి. అంటే నెలకు 2,350 రూపాయలు అతని భవిష్యనిధి ఖాతాలో చేరుతున్నాయి. ఏడాదికి 28,200. దీనికి వడ్డీ అదనం; 2024-25 సంవత్సరానికి ఆ వడ్డీ 8.25 శాతం.

ఉద్యోగం మారగానే ఈ డబ్బు తీసివేసి బండికో, నగకో, పండుగకో ఖర్చు చేయడం మన ప్రాంతంలో చాలామందికి అలవాటయింది. ఇందులో మూడు నష్టాలున్నాయి.

మొదటి నష్టం పింఛనుది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం, నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 సంవత్సరాల సర్వీసు ఉండాలి. ఒక వ్యక్తి మూడేళ్ళు ఒకచోట, మూడేళ్ళు మరొకచోట, నాలుగేళ్ళు ఇంకొకచోట చేశాడనుకొందాం. ప్రతిసారీ ఖాతాను కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకొంటే మొత్తం పదేళ్ళవుతుంది. 15,000 రూపాయల వేతనం మీద పదేళ్ళ సర్వీసుకు 58 ఏళ్ళ వయసు నుండి నెలకు సుమారు 2,143 రూపాయలు వస్తాయి. వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. సర్వీసు పెరిగేకొద్దీ ఈ మొత్తమూ పెరుగుతుంది. అదే వ్యక్తి ప్రతిసారీ పింఛను సొమ్ముతో సహా తీసివేస్తే, పదేళ్ళు చెమటోడ్చినా లెక్కలో మిగిలేది సున్న.

రెండవది పన్ను. మొత్తం సర్వీసు ఐదేళ్ళు నిండకముందే భవిష్యనిధిని తీసివేస్తే ఆ సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది. బదిలీ చేసుకొన్నవారికి పాత ఉద్యోగకాలం కూడా ఈ ఐదేళ్ళలో కలుస్తుంది.

మూడవది వడ్డీ. ఇరవై ఐదేళ్ళ వయసులో తీసిన లక్ష రూపాయలు యాభై ఎనిమిదేళ్ళ దాకా ఉండి ఉంటే ఎన్ని లక్షలయ్యేవో చక్రవడ్డీ నేర్చిన ఎనిమిదవ తరగతి పిల్లవాడు సైతం చెప్పగలడు.

2025 అక్టోబరులో భవిష్యనిధి ధర్మకర్తల మండలి, ఉద్యోగం పోయిన తరువాత మొత్తం సొమ్ము తీసుకొనేందుకు ఆగవలసిన కాలాన్ని రెండు నెలల నుండి 12 నెలలకు, పింఛను సొమ్ముకైతే 36 నెలలకు పెంచాలని నిర్ణయించింది. ఖాతాలో 25 శాతం ఎప్పుడూ నిలువ ఉండాలని కూడా చెప్పింది. తొందరపడి తీసివేసే అలవాటును మాన్పడమే దీని ఉద్దేశం. అవసరాలకు కొంత భాగం తీసుకొనే వీలు మాత్రం ఉంది.

బదిలీ ఎలా?

2014 నుండి ప్రతి సభ్యునికీ యు.ఏ.ఎన్. అనే పన్నెండంకెల సంఖ్య ఇస్తున్నారు. ఉద్యోగాలు ఎన్ని మారినా, రాష్ట్రాలు ఎన్ని మారినా ఈ సంఖ్య ఒక్కటే ఉండాలి. కొత్త చోట చేరినప్పుడు పాత సంఖ్యనే చెప్పాలి. "నాకు ఇంతకుముందు పి.ఎఫ్. లేదు" అని సులభంగా తప్పించుకొంటే రెండవ సంఖ్య పుడుతుంది, రెండింటినీ కలపడానికి తరువాత ఎన్నోసార్లు తిరగవలసి వస్తుంది.

2025 జనవరిలో ఈ బదిలీని సరళం చేశారు. సంఖ్య ఆధార్‌తో ముడిపడి, పేరు, పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరం సరిపోలితే చాలా సందర్భాలలో యజమాని ఆమోదం లేకుండానే బదిలీ జరుగుతుంది. పాత యజమాని వదలిన తేదీని నమోదు చేయకపోతే, చివరి చందా పడిన నెల నుండి రెండు నెలలు గడిచాక సభ్యుడే దానిని నమోదు చేసుకోవచ్చు. ఇంత సులభమైన పని మన వాళ్ళలో ఎందరికో ఆగిపోతున్నది. దానికి కారణం మన సరిహద్దు బ్రతుకులోనే ఉంది.

మూడు లిపులలో ఒక పేరు

తమిళ లిపిలో క, గ అనే రెండు ధ్వనులకూ ఒకే అక్షరం. త, ద లకూ అంతే; ప, బ లకూ అంతే. గోపాల అన్న పేరును తమిళంలో రాసి, ఆ తెలియని గుమాస్తా దానిని ఆంగ్లంలోకి మార్చితే కోపాల అవుతుంది. దేవమ్మ తేవమ్మ అవుతుంది. బాలప్ప పాలప్ప అవుతాడు. కన్నడ పాఠశాలలో చదివినవాడు వెంకటేశ అవుతాడు, తెలుగు పాఠశాలలో వెంకటేశు, ఇంకొక చోట వెంకటేశన్.

దీనికి ఇంటిపేరు చిక్కు తోడవుతుంది. ఆంధ్రదేశంలో ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు ఉంటుంది. పెళ్ళయిన తరువాత ఆడపిల్లకు కొందరు తండ్రి అక్షరం తీసి భర్త అక్షరం పెడతారు. పాఠశాల ధ్రువపత్రంలో ఒక అక్షరం, ఆధార్‌లో మరొకటి, బ్యాంకు పుస్తకంలో విడదీసిన పూర్తి పేరు. మనిషి ఒకడే అయినా యంత్రం దృష్టిలో ముగ్గురు. బదిలీ దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది; విసిగిపోయిన కుర్రవాడు డబ్బును ఆ ఖాతాలోనే వదిలేసి కొత్త ఖాతా తెరుస్తాడు.

ఉపాధ్యాయునిగా నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. పిల్లవాణ్ణి బడిలో చేర్చే నాడే పేరును ఆంగ్ల అక్షరాలలో ఎలా రాయాలో ఇంట్లో నిర్ణయించుకొని, ఒక కాగితం మీద రాసుకొని రండి. పదవ తరగతి ధ్రువపత్రం రాకముందే అక్షరదోషాలు దిద్దించుకోండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు పదవ తరగతి పత్రాన్ని ప్రమాణంగా తీసుకొని ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, భవిష్యనిధి నాలుగింటినీ దానికి సరిపోయేలా దిద్దించుకోవాలి. ఉద్యోగంలో ఉండగానే ఇది జరగాలి. మానివేసిన తరువాత పాత యజమాని సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

నామినేషన్ విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెళ్ళికి ముందు ఉద్యోగంలో చేరిన కుర్రవాడు తల్లి పేరునో, అన్న పేరునో నామినీగా రాసి ఉంటాడు. పెళ్ళితో ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది. కొత్తది నమోదు చేయాలి. భవిష్యనిధితోపాటు ఉద్యోగుల బీమా కూడా ఉంది. సర్వీసులో ఉండగా సభ్యుడు మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వస్తుంది. చందా యజమానిదే. పేర్లు సరిగా లేని కారణంగా ఈ సొమ్ము కోసం విధవరాలు కార్యాలయాల చుట్టూ తిరగడం కంటే విషాదం ఏముంటుంది?

వైద్యం, కాన్పు

రెండవ కోత ఇ.ఎస్.ఐ. నెలజీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ఈ పరిమితి 2017 జనవరి నుండి ఉంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 జీతానికి మనం ఇచ్చేది 135 రూపాయలు. యజమాని ఇచ్చేది 585. దీనికి బదులు ఉద్యోగికీ, ఆధారపడిన కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. ఇక్కడ కూడా బీమా సంఖ్య జీవితకాలానికి ఒక్కటే. కొత్త చోట పాత సంఖ్యనే ఇవ్వాలి.

మన జంటలోని ఆమె రెండువేల కోసం ఇప్పుడే మారాలా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడ ఉంది. ఇ.ఎస్.ఐ. కింద ప్రసవ సెలవు 26 వారాలు. ఆ కాలమంతా వేతనానికి సమానమైన భృతి లభిస్తుంది. మూడవ కాన్పు నుండి 12 వారాలే. అయితే కాన్పుకు ముందు రెండు చందా కాలాలలో కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. చందా కాలమంటే ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు మరొకటి. ఇ.ఎస్.ఐ. వర్తించని చోట యజమానే ప్రసవ సెలవు జీతం ఇవ్వాలి; అక్కడ కాన్పు అంచనా తేదీకి ముందు 12 నెలలలో ఆ యజమాని దగ్గర కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి.

కనుక బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులు కొత్త ఉద్యోగం ఇ.ఎస్.ఐ. కిందికి వస్తుందా రాదా, మధ్యలో ఎన్ని నెలలు ఖాళీ వస్తుంది అన్నవి కనుక్కోకుండా మారరాదు. 21,000 దాటిన జీతంతో కొత్త చోట చేరితే, ఇ.ఎస్.ఐ. వర్తించదు. ఆ యజమాని వేరే వైద్యబీమా ఇస్తున్నాడో లేదో అడగాలి. జీతం రెండువేలు పెరిగి వైద్యం పోతే, ఒక్క ఆపరేషన్‌తో ఆ పెరుగుదలంతా తుడిచిపెట్టుకొని పోతుంది.

గ్రాట్యుటీ, కాంట్రాక్టరు పేరు

ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు పని చేసినవారికి గ్రాట్యుటీ వస్తుంది. చివరి వేతనంలో పదిహేను రోజుల మొత్తాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి; నెలకు 26 పనిదినాల లెక్క. 15,000 వేతనానికి ఐదేళ్ళకు సుమారు 43,269 రూపాయలు. భవిష్యనిధిలా ఇది వెంట రాదు. నాలుగేళ్ళు నిండిన తరువాత మారాలనుకొనేవారు ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో లెక్కపెట్టుకొని కదలాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నిర్ణీత కాలపరిమితితో నియమితులైనవారికి ఒక ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ప్రతి కార్మికునికీ నియామకపత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. ఉద్యోగం మానినవారి వేతన బకాయిని రెండు పనిదినాలలో చెల్లించాలన్న నియమం కూడా ఉంది.

కాంట్రాక్టు కింద పనిచేసేవారు ఒక సంగతి గమనించాలి. కర్మాగారం గేటు అదే, యంత్రం అదే, మేస్త్రీ అదే. కాని జీతపు చీటీ మీద కాంట్రాక్టరు పేరు మధ్యలో మారుతుంటుంది. పేరు మారిన నాటినుండి యజమాని మారినట్లే. అందుచేత ప్రతి నెలా చీటీ దాచుకోవాలి, ఎవరి పేరు ఉందో చూడాలి, భవిష్యనిధి ఖాతాలో ఆ నెల సొమ్ము పడిందో లేదో ఫోనులో సరిచూడాలి. కోసినట్లు చీటీలో ఉండి ఖాతాలో పడకపోతే ఆలస్యం చేయకుండా అడగాలి.

ఆదివారం ఎక్కడికి?

ఇప్పుడు పెద్దల రెండవ ఫిర్యాదుకు వద్దాం. వారంలో ఒకరోజు సెలవు, వారానికి 48 గంటలకు మించని పని అన్నవి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుండి వస్తున్న హక్కులు. కొత్త స్మృతులు కూడా వీటిని నిలిపాయి. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఆ రెట్టింపు కూలి ఆశతో సెలవుదినం కూడా పనికి పోయే జంటలు తక్కువేమీ కాదు. రెండు షిఫ్టుల కాపురంలో ఆలుమగలు మెలకువగా, కలిసి, తీరికగా ఉండే సమయం ఆ ఒక్కరోజే. దానిని కూడా అమ్ముకొంటే ఇక కాపురానికి మిగిలేదేమిటి?

మన జంట నెలకు రెండు ఆదివారాలు సెలవు కలిసి వచ్చేలా అడిగి సర్దుకొంటారు. తెల్లవారుజామున సద్దిమూట కట్టుకొని బయలుదేరుతారు. ఒకనాడు హోసూరులోని చంద్రచూడేశ్వరుని కొండ మెట్లెక్కుతారు. మరొకనాడు సైకిళ్ళ మీద కెలవరపల్లి జలాశయం దాకా పోయి పక్షులను చూస్తారు. దక్షిణ పినాకిని మీద కట్టిన ఆ జలాశయం గట్టున కొంగలు, నీటికాకులు, నీటికోళ్ళు కనిపిస్తాయి. దారిపొడుగునా తీగల మీద పాలపిట్ట వాలి ఉంటుంది. దసరానాడు దాని దర్శనం శుభమని మన పెద్దలే నేర్పారు. కర్ణాటకకూ తెలంగాణకూ అది రాష్ట్రపక్షి. ఓపిక ఉన్న నాడు రాయకోట దుర్గం ఎక్కుతారు. 1791లో మూడవ మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను సేనల నుండి ఆంగ్లేయుల వశమైన కోట అది.

దీనిని దుబారా అనడం సరికాదు. ఖర్చు సద్దికీ, మంచినీళ్ళ సీసాకీ మించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల పాటు చురుకైన నడక వంటి శ్రమ అవసరమని చెబుతున్నది. మన తాతలకు అది చేనులోనే దొరికింది గనుక వేరే నడవవలసిన పని లేకపోయింది. ఎనిమిది గంటలు ఒకేచోట నిలబడి, దీపాల వెలుగులో సన్నని తీగలు అతికించే అమ్మాయికి అది దొరకదు. రాత్రి షిఫ్టు చేసి పగలంతా తలుపు మూసుకొని పడుకొనే కుర్రవాడికి ఎండ కూడా దొరకదు. మనం పొలంలో ఉచితంగా పొందినదానిని వారు వెతుక్కొంటూ పోతున్నారు, అంతే.

అయితే జాగ్రత్తలు ఉన్నాయి. డెంకణికోట, అంచెట్టి వైపు అడవి చాలావరకు 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట వైపు నుండి ఏనుగుల మందలు మన చేలమీదికి వచ్చే సంగతి పల్లెవారికి చెప్పనక్కరలేదు. ఆ నెలలలో తెల్లవారకముందు, పొద్దుగుంకిన తరువాత అడవి అంచు దారులలో సైకిలు గాని, బండి గాని నడపరాదు. కెలవరపల్లి దగ్గర, ముఖ్యంగా వానల తరువాత, నీటిమీద తెల్లని నురుగు గుట్టలుగా లేస్తుంటుంది. ఎగువ నగరపు మురుగునీటి ఫలితం అది. చూడడానికి దూదిలా ఉన్నా ఆ నీటిలో దిగరాదు, పిల్లలను దించరాదు.

ఈ నడకలకు మరొక ప్రయోజనం ఉంది. ఉద్యోగం మారాలా వద్దా అన్న ప్రశ్న షిఫ్టు బస్సుకు పరుగెత్తే వేళ, సగం నిద్రలో, ఫోనులో రెండు ముక్కలలో తేలేది కాదు. చెరువుకట్ట మీద రెండు గంటలు కలిసి నడిచేవారు ఆ మాటను నిదానంగా మాట్లాడుకోగలరు. జీతమెంత, దూరమెంత, వైద్యముందా, బిడ్డను ఎప్పుడు కనాలి, పల్లెలో ఉన్న నాయనకు మందులెవరు తేవాలి, ఇవన్నీ ఒక్క లెక్కలోవే.

కదలకముందు చూసుకోవలసినవి

1. కొత్త చోటినుండి నియామకపత్రం చేతికి వచ్చిన తరువాతనే పాతచోట రాజీనామా ఇవ్వాలి. పత్రంలో యజమాని పేరు, మూలవేతనం, కాలపరిమితి చదవాలి.

2. పాత నియామకపత్రంలో ఎన్ని రోజుల ముందు చెప్పాలని ఉందో అన్ని రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలిపి, నకలు మీద సంతకం తీసుకోవాలి.

3. విడుదల పత్రం, అనుభవ పత్రం, చివరి మూడు నెలల జీతపు చీటీలు తీసుకోవాలి.

4. భవిష్యనిధిలో పేరు, పుట్టిన తేదీ, నామినీ సరిగా ఉన్నాయో పాత ఉద్యోగంలో ఉండగానే చూసుకోవాలి. కొత్త చోట పాత యు.ఏ.ఎన్. సంఖ్య, పాత ఇ.ఎస్.ఐ. సంఖ్య ఇవ్వాలి.

5. చేరిన రెండు మూడు నెలలలో పాత ఖాతా బదిలీ కోరాలి. సొమ్ము తీసివేయడం చివరి మార్గం.

6. గ్రాట్యుటీకి ఎన్ని నెలలు తక్కువ, ప్రసవ సెలవుకు ఎన్ని రోజులు తక్కువ అన్నవి కాగితం మీద లెక్కవేయాలి.

7. కొత్త చోట వారపు సెలవు ఏ రోజో అడగాలి. భార్యాభర్తల సెలవులు ఎన్నడూ కలవని ఉద్యోగానికి రెండువేలు ఎక్కువ ఇచ్చినా మరొకసారి ఆలోచించాలి.

పల్లెలో ఉన్న పెద్దలకు చివరిగా ఒక విన్నపం. "మళ్ళీ ఉద్యోగం మారినావా" అని కోప్పడడానికి బదులు "పాత ఖాతా మార్చుకొన్నావా, నామినీగా కోడలి పేరు రాసినావా" అని అడగండి. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఆ కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టించి, మీ పట్టాపుస్తకం దాచే పెట్టెలోనే ఒక నకలు దాచండి. భూమికి పత్రం ఎటువంటిదో వారి శ్రమకు ఆ కాగితాలు అటువంటివి. పత్రం పోగొట్టుకొన్న రైతు పడే పాటు మన పల్లెలలో అందరికీ తెలిసినదే. మన బిడ్డలకు ఆ పాటు రానివ్వరాదు.